యాభయ్యో మనిషి

జనాభా లెక్కల పనిలో ఇరవై రెండేళ్ళు ఉన్నాను. ఒక తల ఎక్కువ రాయలేదు, ఒక తల తక్కువ రాయలేదు. అలకి పడవ తిరగబడితే కాయితాల సంచి నెత్తిన పెట్టుకుని ఈదుకొచ్చినదాన్ని. ఆఫీసులో నా వెనకాల 'రాతిగుండె రకేరా' అనేవాళ్ళు. అంటే అన్నారు, వాళ్ళ లెక్కలన్నీ తప్పులతడకలు, నావి కావు, అనుకునేదాన్ని. ఆ పొగరు బికేమారేలో దిగిపోయింది.

బికేమారే, పసిఫిక్ సముద్రంలో దీవుల దేశమైన మా కిరిబాస్‌లో దక్షిణాన ఉన్న చిన్న దీవి. ఇప్పుడక్కడ కొబ్బరిచెట్లు, పీతలు తప్ప ఎవరూ లేరు. పదేళ్ళ కిందట నేను లెక్కకు వెళ్ళినప్పుడు నలభై తొమ్మిది మంది ఉన్నారు. దీవిలో యాభై మంది ఉంటేనే నర్సు, మందుల గది. ఒక్కరు తగ్గినా నర్సు తరవాతి ఓడ ఎక్కి వెళ్ళిపోతుంది. ఆ గీత నేను గీసింది కాదు, ఎక్కడో కుర్చీలో కూర్చుని ఎవరో గీశారు. కానీ ఆ గీత దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టింది మాత్రం నేనే.

మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ నలభై తొమ్మిదే. అప్పుడు నేయి కినాయ్, అంటే కినాయ్ అమ్మగారు, వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చుంది. కొబ్బరికల్లు కాచిన పాకం ఒక సీసాడు నా ముందు పెట్టింది.

"రకేరా, నిన్ను బుబుసి అడుగుతున్నానే," అంది.

కిరిబాస్‌లో పుట్టినవాళ్ళకి ఆ మాట వింటే ఒళ్ళు బిగుసుకుంటుంది. బుబుసి అని అడిగితే ఇవ్వాల్సిందే. చొక్కా అడిగితే విప్పి ఇస్తాం. పడవ అడిగితే తాడు చేతిలో పెడతాం. బిడ్డని అడిగి తెచ్చుకుని పెంచుకున్న ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. కాదన్న మనిషిని ఎవరూ కొట్టరు, తిట్టరు. ఆ మనిషే సిగ్గుతో ఇంకెవరి మొహమూ చూడలేకపోతాడు.

"నా కూతురు టెరెంగాకి ఐదో నెల. దాని కడుపులోదాన్ని రాసుకో. యాభై అవుతాది," అంది కినాయ్.

"పుట్టనివాళ్ళని రాయకూడదు పెద్దమ్మా."

"పుడతాది కదే. కడుపులోంచి ఇంకెక్కడికి పోతాది?"

"పుట్టాక రాస్తారు."

టెరెంగా వెనక స్తంభానికి ఆనుకుని మొగలిపండు నములుతోంది. పెద్ద కళ్ళు, పళ్ళన్నీ కనిపించే నవ్వు. "పోనీలే అమ్మా, లెక్కలక్క కళ్ళకి నా పొట్ట ఆనడం లేదేమో. ఇంకాస్త ముందుకొచ్చి నిలబడనా అక్కా?" అంది.

అందరూ గొల్లుమన్నారు. నేను నవ్వలేదు. నలభై తొమ్మిది అని రాసి కింద గీత కొట్టాను. పాకం సీసా వెనక్కి జరిపాను. అది నేను చేసిన పాపం. ప్రాణంతో ఉన్న ఆడమనిషి నోరు విడిచి బుబుసి అడిగితే, కాయితం అడ్డం పెట్టుకుని కాదన్నాను.

నర్సు వెళ్ళిపోయింది. నాలుగు నెలల తరవాత టెరెంగాకి నొప్పులొచ్చాయి. పక్క దీవికి తీసుకెళ్దామని చిన్న పడవ ఎక్కించారు. పోటు తగ్గిపోయి, పగడపు దిబ్బ మీద పడవ ఇరుక్కుంది. మళ్ళీ నీళ్ళొచ్చేదాకా ఎండలో ఆ పడవలోనే ఉన్నారు. నీళ్ళు వచ్చేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

ఇదంతా నాకు ఎలా తెలుసంటే, చావు కాయితం నా బల్ల మీదికే వచ్చింది. దేశం మొత్తంలోంచి ఒకటి తగ్గించాలి. ఒకటే. ఊపిరి పీల్చకుండా పోయిన బిడ్డ ఉన్నట్టూ రాయరు, పోయినట్టూ రాయరు. ఆ రోజు నేను బల్ల దగ్గర కూర్చుని ఒకటి తీసేస్తుంటే చెవి దగ్గర వినబడింది. "ఇంకాస్త ముందుకొచ్చి నిలబడనా అక్కా?"

పదేళ్ళు వినబడింది. ఏ దీవి లెక్క మొత్తం వేస్తున్నా, చివరి అంకె రాసే ముందు ఆ గొంతే. మా ఆయన కౌరాబితో చెబితే చెవుల్లో గుబిలి తీయించుకోమన్నాడు. తీయించుకున్నాను కూడా.

బికేమారే జనం ఒక్కొక్కరే రాజధానికి వెళ్ళిపోయారు. కొందరు దగ్గర్లోని నుకువారే దీవికి చేరారు. మళ్ళీ లెక్కలొచ్చినప్పుడు నేను ఆ నుకువారే ఒక్కటి తప్ప ఎక్కడికైనా వెళ్తానన్నాను. ఆఫీసులో ఎవరు వింటారు? సరిగ్గా అక్కడికే పంపారు.

ఓడ దిగేసరికి ఊరి పెద్ద ఇయోబా ఒడ్డునే ఉన్నాడు. ముసలాయనే గానీ గొంతు ఊరంతటికీ సరిపోతుంది. "లెక్కలమ్మ వచ్చేసిందర్రా! కోళ్ళని కూడా వరసలో నిలబెట్టండి, ఒకటి తగ్గితే మనల్నే తిడతాది!" అని అరిచాడు. నవ్వుతున్నాడు గానీ కళ్ళలో నవ్వు లేదు. నర్సు తాబేటా కూడా వచ్చింది. సంచి అందుకుంటూనే నా చెవిలో వేసింది.

"అక్కా, అనేరి అని ఒక పిల్లుంది. పంతొమ్మిదేళ్ళు. మొదటి కాన్పులో చచ్చి బతికింది, బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. నేను లేకపోతే ఆ పిల్ల ఉండదు. ముందే చెబుతున్నాను."

"నాకెందుకు చెబుతావు? నేను మనుషుల్ని లెక్కపెట్టడానికొచ్చాను," అన్నాను.

చిన్న దీవుల్లో ఇల్లిల్లూ తిరగక్కర్లేదు. మనేయబాలో, అంటే ఊరంతా కూర్చునే ఆ పెద్ద కప్పు కింద, ప్రతి ఇంటిపేరుకీ తాతలనాటి నుంచి ఒక చోటు ఉంటుంది. ఒకరి చోట్లో ఇంకొకరు కూర్చోరు. విందులో ఊరి పెద్ద ఒక్కో చోటునీ పిలిచి ఎంతమందని అడుగుతాడు, ఆ చోటువాళ్ళు పలుకుతారు, అన్ని వాటాలు పెడతారు. అందుకని మధ్యాహ్నం భోజనానికి అందరినీ కూర్చోబెట్టి, ఇయోబా పిలుస్తుంటే నేను తలలు రాసుకుంటూ పోయాను.

పిలుపు ఆగ్నేయ మూలకు వచ్చింది. అది బికేమారేవాళ్ళ చోటు. అక్కడ ఒక్కతే కూర్చుని ఉంది. చిక్కి సగమైనా వెంటనే గుర్తుపట్టాను. నేయి కినాయ్.

"బికేమారే ఎంతమంది?" అన్నాడు ఇయోబా.

కినాయ్ పెదవి కదపలేదు. ఆ మూల నుంచి పడుచు గొంతు పలికింది. "ముగ్గురం."

నా చేతిలో కలం ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం, నాలుగువైపులా వెలుతురు, చూరు కింద నుంచి సముద్రం కనబడుతోంది. ఆ మూలలో ముసలావిడా, చాపా తప్ప ఏమీ లేవు. ఇయోబా మామూలుగానే మూడు చేపలు, మూడు కందముక్కలు ఆకులో పెట్టి పంపాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. పక్కనున్న తాబేటాని గిల్లాను.

"విన్నావా?"

"రోజూ వినేదే కదక్కా," అంది అది, చేప ముల్లు తీసుకుంటూ.

నేను ఒకటి అని రాశాను. అన్నీ కలిపాను. మళ్ళీ కలిపాను. నలభై తొమ్మిది. సముద్రంలో ఇన్ని దీవులుండగా, ఇన్ని అంకెలుండగా, మళ్ళీ అదే.

నా మొహం చూసి మనేయబా అంతా తినడం ఆపేసింది. అనేరి అనే పిల్ల ఎవరో ఎవరూ చూపించకుండానే తెలిసింది. పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని నా కాయితం వైపే చూస్తోంది. ఒక కుర్రాడు ఉండబట్టలేక, "యాభై అని రాసెయ్ అత్తా, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. ఇయోబా వాణ్ణి కసిరాడు.

"ఆరు నెలలకి తనిఖీవాళ్ళు వస్తారు. తలలు మళ్ళీ చూస్తారు. అబద్ధమైతే నర్సుతో పాటు బడి కూడా పోతుంది," అన్నాను. నా గొంతు నాకే పరాయిగా ఉంది.

అప్పుడు కినాయ్ లేచింది. మెల్లగా నడిచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. పదేళ్ళ కిందట కూర్చున్నట్టే. ఈసారి చేతిలో సీసా లేదు.

"రకేరా, నిన్ను బుబుసి అడుగుతున్నా."

"పెద్దమ్మా, నీకు దణ్ణం పెడతాను, దొంగలెక్క మాత్రం అడగకు. నా వల్ల కాదు."

"ఛీ, దొంగలెక్క ఎవరిక్కావాలి? నీ అంకెలు నువ్వే ఉంచుకో. నాకు నిన్ను ఇచ్చెయ్. నా కూతురి చోటు ఖాళీగా ఉంది. వచ్చి కూర్చో."

మా నిబంధన నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఆరు నెలలు ఉన్న మనిషిని గానీ, ఆరు నెలలు ఉండబోయే మనిషిని గానీ ఆ ఊరి మనిషిగా రాయాలి. నేను ఉంటే అది అబద్ధం కాదు. ఆ మాట ఆవిడకి ఎవరు చెప్పారో ఏమో! నాకు ఇల్లుంది, మొగుడున్నాడు, ఉద్యోగముంది. కాదనడానికి కావలసినన్ని కారణాలున్నాయి. కానీ పదేళ్ళ కిందట కూడా నా దగ్గర మంచి కారణమే ఉంది.

"తీసుకో పెద్దమ్మా," అన్నాను.

నా పేరు రాశాను. నేయి రకేరా, నలభై ఆరేళ్ళు, ఆడ, నుకువారే. రాజధాని కాయితంలో నా పేరు కొట్టేయమని చీటీ రాసి, లెక్కల సంచితో పాటు ఓడకి ఇచ్చి పంపాను. అక్కడ ఒకటి తగ్గింది, ఇక్కడ ఒకటి పెరిగింది. దేశం మొత్తం మారలేదు.

నాలుగో రోజు కౌరాబి రేడియోలో పిలిచాడు. ఊరి రేడియో అంటే ఇయోబా ఇంటి అరుగు మీదే, సగం ఊరు చుట్టూ కూర్చుని వింటుంది.

"నిన్ను ఇక్కడి కాయితంలోంచి కొట్టేశారంటగా?" అన్నాడు.

"వాళ్ళు కొట్టెయ్యలేదు. నేనే కొట్టెయ్యమన్నాను."

"మరి నేనేమయ్యాను?"

"ఇంట్లో నువ్వొక్కడివేగా. ఒకటి అని రాసుంటారు."

రేడియో గరగరలాడింది. "ఒకటి," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆరు నెలలే కదా, తనిఖీ అయిపోగానే వచ్చేస్తానన్నాను. నా ఉద్యోగం పోయిందని ఆయన చెప్పలేదు, వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

కినాయ్ ఇంట్లోనే ఉన్నాను. ఆవిడ నాతో ఎక్కువ మాట్లాడేది కాదు. మాట్లాడితే తిట్లే. కంద గుంటలో మట్టి తవ్వడం రాదని, చేప తోమడం రాదని, పెద్ద చదువు చదివి కొబ్బరి వలవడం నేర్చుకోలేదని. ఇంటి పక్కనే తెల్ల రాళ్ళు పేర్చిన సమాధి. బికేమారే నుంచి కూతుర్నీ మనవణ్ణీ పడవలో తెచ్చుకుని ఇక్కడ పెట్టుకుంది. వంట చేసి ముందు అక్కడ ఒక ఆకు పెట్టేది. తరవాత నాకు పెట్టేది.

"నా మీద కోపం లేదా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకుండదే? గంపెడుంది. అది ఉందని కూడు మానేస్తామా? తిను."

మొదటి విందునాడు టెరెంగా చోట్లో కూర్చున్నాను. చాప ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు వెచ్చగా ఉంది. ఎండ అక్కడిదాకా రాదు. ఇయోబా, "బికేమారే ఎంతమంది?" అని పిలిచాడు. నేను పలకాలి. ఇద్దరం అని చెప్పాలని ముందే అనుకున్నాను. కినాయ్, నేను. ఇరవై రెండేళ్ళు తలలు లెక్కపెట్టినదాన్ని, నాకు రెండు రెండే.

"నలుగురం," అంది నా నోరు.

నా గొంతే. నేను అనలేదు. నాలుగు చేపలు వచ్చాయి. ఆ తరవాత ప్రతి విందులోనూ అంతే. నోరు బిగబట్టి కూర్చున్నా, పిలుపు వచ్చేసరికి అదే పలికేది. చెవి దగ్గర మాట మాత్రం ఆ రోజు నుంచి ఆగిపోయింది. వినబడినన్నాళ్ళూ పోతే బాగుండుననుకున్నాను. ఇప్పుడు అది చెవి దగ్గర లేదు, లోపలికి వచ్చి కూర్చుందని తెలిసి భయమేసేది. భయంలోనూ తినేదాన్ని. ఆకలి ఆగదు కదా.

నేను వచ్చిన ఐదో నెలలో అనేరికి నొప్పులొచ్చాయి. తెల్లవారి మొదలై మర్నాటి మధ్యాహ్నం దాకా. బిడ్డ అడ్డం తిరిగింది. మందుల గది బయట ఊరంతా నేల మీద కూర్చుంది. నేను కినాయ్ పక్కన కూర్చున్నాను. లోపల అనేరి అరిచినప్పుడల్లా కినాయ్ నా ముంజేయి పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కేది. అప్పుడు పడవలో ఆవిడ ఇలాగే ఎవరి చెయ్యో పట్టుకుని ఉంటుంది. నేను చెయ్యి తీసుకోలేదు, రక్తం వచ్చినా తీసుకోలేదు.

తాబేటా తలుపు తీసింది. మోచేతుల దాకా ఎర్రగా ఉంది. "ఆడపిల్ల. ఇద్దరూ ఉన్నారు," అంది. అని గడప మీదే కూలబడిపోయింది.

ఇయోబా ముసలాడు లేచి గంతులేశాడు. ఆడవాళ్ళు ఏడుస్తూ పాటెత్తుకున్నారు. నేను ఊపిరి పీల్చుకుని, అలవాటు ఎక్కడికి పోతుంది, యాభై ఒకటి అనుకున్నాను.

ఆ మాట కినాయ్ కూడా అనుకున్నట్టుంది. సాయంత్రం కొబ్బరికోరు పిండుతూ, నా వైపు చూడకుండానే అంది.

"యాభై ఒకటయ్యారు. నిన్ను అడిగి తీసుకున్నా కదా, తిరిగిచ్చేస్తున్నా. శుక్రవారం ఓడ వస్తాది. నీ మొగుడు దగ్గరికి పో."

"తనిఖీ ఇంకో నెలుంది పెద్దమ్మా."

"నువ్వు లేకపోయినా యాభై ఉంటాం. నాకు కూడికలు రావనుకుంటున్నావా? పోవే. నువ్వు చేసిన కంద తినలేక చస్తున్నా."

నా కళ్ళ నీళ్ళు ఆగలేదు. పదేళ్ళలో మొదటిసారి ఒంట్లో బరువు దిగినట్టయింది. కౌరాబికి రేడియోలో చెప్పాను. చేపలకూర వండి ఉంచుతానన్నాడు, ఎప్పుడూ వండని మనిషి. శుక్రవారానికి ముందే సంచి సర్దేశాను.

శుక్రవారం పొద్దున్నే దిబ్బ అవతల ఓడ కూత వేసింది. కినాయ్‌కి చెప్పి వెళ్దామని వెళ్ళాను. చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. పిలిచాను. భుజం మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది.

మోకాళ్ళ మీద అలాగే కూలబడి, ఆ మొహం చూస్తూ లెక్కపెట్టాను. సిగ్గులేని బుర్ర, దానికి ఆ పని తప్ప ఏం తెలుసు? యాభై ఒకటిలో ఒకటి పోతే యాభై. అందులో నేనొకదాన్ని.

కబురు తెలిసి ఊరంతా వచ్చింది. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఏడిచారు. ఎవరికీ నేను చెప్పక్కర్లేదు, అంత చిన్న ఊళ్ళో ఆ కూడిక రానివాళ్ళు లేరు. అందరి కళ్ళూ ఒక్కసారి నా సంచి మీద పడి, మళ్ళీ పక్కకు పోయాయి. ఓడ రెండోసారి కూత వేసింది. ఓడ దగ్గరికి తీసుకెళ్ళే పడవ ఒడ్డుకు వచ్చి ఆగింది.

ఇయోబా వచ్చి నా సంచి ఎత్తి తన భుజాన పెట్టుకున్నాడు. "పద తల్లీ. పోటు ఉండగానే దిబ్బ దాటాలి," అన్నాడు. అనేరి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని గడప దగ్గర కూర్చుని ఉంది. దారిలో తాగమని ఒక బొండం నా చేతికిచ్చింది. "వెళ్ళిరా అక్కా," అంది. ఆ బిడ్డకి ఇంకా పేరు పెట్టలేదు. నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పుట్టిన నాలుగో రోజు నుంచి దానికి జ్వరం, తాబేటా రాత్రీ పగలూ దాన్ని కనిపెట్టుకుని ఉంది.

ఒక్కరు అడుగుతారని చూశాను. ఇయోబా కళ్ళలోకి చూశాను, తల దించుకున్నాడు. తాబేటా వైపు తిరిగాను, సూది కడుగుతున్నట్టు నటించింది. నాకు ఎక్కడ లేని కోపమొచ్చింది.

"ఏం, అందరికీ నోళ్ళు పడిపోయాయా?" అని అరిచాను. "ప్రతి చిన్నదానికీ బుబుసి అంటారు కదా, చుట్ట అడుగుతారు, చెప్పులు అడుగుతారు, ఇప్పుడెందుకు అడగరు? అడగండి!"

ఇయోబా సంచి భుజం మార్చుకున్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

"అడిగితే నువ్వు కాదనలేవు తల్లీ. ఆవిడ నిన్ను తిరిగిచ్చేసి పోయింది. ఇచ్చేసినదాన్ని మళ్ళీ అడిగితే మేం మనుషులమేనా? పద, నీ మొగుడు ఎదురుచూస్తుంటాడు."

ఇంట్లో కౌరాబి పొయ్యి ముందు కూర్చుని తిప్పలు పడుతుంటాడు. ఆ మనిషికి ఇది ఎలా చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు. ఓడ మూడోసారి కూసింది. పడవవాడు చెయ్యి ఊపాడు.

ఇయోబా భుజం మీది సంచి లాగి కింద పెట్టాను. అది పట్టుకుని ఆయన, "ఎవరూ అడగలేదు తల్లీ," అన్నాడు.

"తెలుసు," అన్నాను. "పడవని పంపించెయ్యండి. అనేరీ, నువ్వు కదలకు, బిడ్డ లేస్తాది. తాబేటా, నీళ్ళు కాచవే. కొబ్బరినూనె తీసుకురా. మా అమ్మకి స్నానం చేయించాలి."